చల్లమడుగులో పైడిరాజు

పని గంట కొట్టేసరికి గుణవతి కాయల గుట్ట ముందు ఉండేది. నేలలో నిలువుగా పాతిన ఇనుప మొన మీద కాయని గుచ్చి ఇటోసారి, అటోసారి మెలిపెడితే పీచు మొత్తం ఊడి వచ్చేది. ఒలిచిన కాయని ఎడమ పక్కకి విసిరి, కుడి చేత్తో ఇంకోటి అందుకునేది. మలాయాలో, బాగన్ దాతుక్ దగ్గరి ఆ కొబ్బరితోటలో ఒలుపు పని మగవాళ్ళది. ఆమె మొగుడు పైడిరాజు చెట్లెక్కి కాయలు దింపేవాడు, దింపిన కాయలు తనే ఒలిచేవాడు. అతని మొన ఖాళీగా ఉండిపోయి తుప్పు పట్టడం చూడలేక ఒక పొద్దున గుణవతి వచ్చి దాని ముందు నిలబడింది. మగవాళ్ళు నవ్వారు. ఆమె గుట్ట అందరికంటే ముందు తరిగిపోవడం చూశాక నవ్వడం మానేశారు.

పైడిరాజు చచ్చిపోలేదు. పహాంగ్ అడవిలో ఒక మడుగు అడుగున పదేళ్ళుగా ఊపిరి బిగపట్టి ఉన్నాడు.

ఈ సంగతి తోటలో అందరికీ తెలుసు. అతని తల్లి వెంకమ్మకి ఇందులో ఆశ్చర్యమేమీ కనిపించలేదు.

"సిన్నప్పుడూ అంతే ఆడు," అనేది. "నానొక దెబ్బేసినానంటే ఊపిరి బిగపట్టీసీవోడు. మొకం నేరేడుపండైపోయీది. ఈపు సరిస్తేగానీ ఒదిలీవోడు కాదు."

పదేళ్ళ కిందట, ఇంగ్లీషువాళ్ళ కాలంలో, రాళ్ళను కొలిచే దొరలు కొందరు పహాంగ్ వెళుతూ కొండలెక్కగల కూలీలు కావాలని కోస్తా తోటల్లో వెతికారు. పైడిరాజు చేయెత్తాడు. అక్కడి పెద్ద అడవి అంతటినీ ప్రభుత్వం పార్కుగా కట్టుదిట్టం చేసి తమ రాజు పేరు పెట్టుకుంది. ఆ పార్కులో ఒక సున్నపురాయి కొండ ఎప్పుడో నిట్టనిలువునా రెండుగా చీలింది. చీలిక ఏటేటా ఇంకాస్త వెడల్పవుతోందని దొరల అనుమానం. గోడల్లో ఇత్తడి మేకులు కొట్టించి మధ్య దూరం కొలిచేవారు. చీలిక అడుగున నీళ్ళున్నాయి. ఆ నీళ్ళు కొండ కింద నుంచి వస్తాయి గనక మంచుగడ్డలా ఉంటాయి. మలాయీలు దాన్ని లుబుక్ సెజుక్, చల్లమడుగు, అంటారు. ఒకరోజు దారానికి కట్టిన ఇత్తడి గుండు అందులో పడిపోయింది. పైడిరాజు దాని కోసం మునిగాడు.

మర్నాడు నీటి మీదికి ఒక బుడగ వచ్చింది. ఆ మర్నాడు ఇంకోటి. మనిషి బతికే ఉన్నాడని దొరలు రాసుకున్నారు. వాళ్ళ మనుషులు ఇద్దరు ముగ్గురు మునిగి చూశారు గానీ ఆ చలికి సగం లోతు కూడా పోలేకపోయారు. ఇంతలో ఎమర్జెన్సీ వచ్చింది. అడవిలో కమ్యూనిస్టులు, వాళ్ళ వెనక సిపాయిలు, రోడ్ల మీద ముళ్ళకంచెలు. దొరలు పెట్టే బేడా సర్దుకున్నారు. అడవిలోకి పోవడానికి మామూలు మనిషికి పర్మిట్టు లేకుండా పోయింది. గుణవతి ఏటా అడిగింది. ఏటా లేదన్నారు.

కబురు మాత్రం తెలిసేది. అదే తోటలో పుట్టిన జయరామ్ ఆ పార్కు దగ్గరి రైలు స్టేషన్‌లో పనిచేసేవాడు. ఉగాదికి ఇంటికి వచ్చినప్పుడు ముందు గుణవతి గుమ్మం దగ్గర ఆగి, "వస్తన్నాయి వదినా, బుడగలు వస్తన్నాయి," అని చెప్పి అప్పుడు తన ఇంటికి పోయేవాడు.

మెర్దెకా, అంటే దేశానికి స్వాతంత్ర్యం, వచ్చిన తరవాతి ఉగాదికి జయరామ్ గుమ్మం దగ్గర ఆగాడు గానీ ఏమీ అనలేదు. చెప్పులు విప్పి లోపలికి వచ్చి కూర్చున్నాడు.

"సెప్పు," అంది గుణవతి.

"తగ్గిపోనాయి వదినా. మునుపు రోజుకోటి వచ్చీది. ఇప్పుడు నెలకోటి కూడా కష్టం. పార్కు కావలాయన యూసుఫ్ సెప్పమన్నాడు. ఆ మనిషి దగ్గిర ఊపిరి అయిపోవచ్చిందంట."

వెంకమ్మ చేటలో బియ్యం ఏరుతూ ఉంది. ఆమె చెయ్యి ఆగింది.

గోడకి ఆనుకుని మునుసామి కూర్చున్నాడు. వెంకమ్మ తమ్ముడు, తోటలో మండోరు. కూలీలకు పని పంచేది ఆయనే. ఆయన చుట్ట ఆర్పి, నెమ్మదిగా, చాలా ఏళ్ళుగా అంటున్న మాటే అన్నాడు.

"గుణా, నానేటి సెప్తన్నానంటే... ఆడికి సెయ్యాల్సింది సేసీడం మంచిది. ఒకరోజు ఆ బుడగలూ ఆగిపోతాయి. అప్పుడెలాగూ తప్పదు."

"మనిషి బతికుండగా కర్మేటి మావా?" అంది గుణవతి. ఆమె ఎప్పుడూ చెప్పే జవాబూ అదే. తర్వాత జయరామ్ వైపు తిరిగింది. "ఇంకేటన్నాడు ఆయన?"

"ఈ ఎండలకి నీల్లు బాగా తేరినాయంట. ఇన్నేళ్ళకి మనిషి కనిపించినాడు. కొండ మీది సెట్టు ఏరు ఒకటి నీట్లోకి దిగి ఉంది, తాడిమానంత లావు. దాన్ని కావిలించుకొని ఉన్నాడంట. రెండు సేతులూ, రెండు కాళ్ళూ ఏసి."

"తల ఎటుంది?"

"పైకే. కళ్ళు మూసుకొని ఉన్నాడంట."

గుణవతి లేచి నిలబడింది.

ఆ తోటలో చెట్టెక్కడం నేర్చుకునే ప్రతివాడికీ మొదటిరోజు ఒక మాట చెబుతారు. పైన తల తిరిగితే దిగడానికి చూడకు. కళ్ళు మూసుకుని మానుని కావలించుకో. కింద నుంచి ఒకడు ఎక్కి వస్తాడు, నీ మడమలు తన భుజాల మీద పెట్టుకుంటాడు, అప్పుడు చేతులు వదులు చెయ్యి, అంతదాకా పిడుగు పడినా వదలకు. ఈ మాట వినబట్టే ఆ తోటలో చెట్టు మీంచి పడి చచ్చినవాళ్ళు తక్కువ.

"ఆయన ఇరుక్కోలేదు మావా," అంది గుణవతి. "సలికి తల తిరిగింది. ఎవరో ఒకరు వచ్చి దింపుతారని సూస్తన్నాడు."

"పదేళ్ళా?"

"దింపీవోడు రాకపోతే మరేటి సేస్తాడు? నేర్పింది నువ్వే కదేటి."

"నీల్లలో కూడా అలాగే సెయ్యమని నానెప్పుడు సెప్పినానే?" మునుసామికి కోపం వచ్చింది. కాసేపటికి ఆ కోపం ఎటో పోయి, తన మోకాళ్ళ వైపు చూసుకున్నాడు. "నానెల్లాలి. ఈ కాళ్ళతో ఎక్కడ ఎల్తాను. ఎక్కీవోళ్ళలో ఈతొచ్చినోడు ఒక్కడూ లేడు."

"నాకొచ్చు," అంది గుణవతి. ఆమె పుట్టింది నది మూతి దగ్గర చేపలవాళ్ళ పక్కన.

అడవి ఇప్పుడు తెరిచారని జయరామ్ చెప్పాడు. రాజు పేరు తీసేసి తమన్ నెగారా అంటున్నారట, దేశపు తోట అని. పర్మిట్టు ఇస్తారు. వానలు మొదలైతే మాత్రం నది పొంగి మళ్ళీ నెలల తరబడి దారి ఉండదు. అంతవరకు పైడిరాజు దగ్గర ఊపిరి మిగులుతుందో లేదో యూసుఫ్ చెప్పలేకపోయాడు.

గుణవతి ఆ మర్నాడే మొదలుపెట్టింది.

సముద్రంలో చేపల బోను గుంజలు బాగుచేసే చీనావాడి దగ్గర నీటి కళ్ళద్దాలు అడిగి తెచ్చుకుంది. చెక్కని తొలిచి, గాజు బిళ్ళలు బిగించి, సైకిలు ట్యూబు ముక్కతో తలకి కట్టుకునేవి. ఊపిరికి బొప్పాయి ఆకు కాడ కోసుకుంది. ఒక కొస నోట్లో, ఒక కొస నీటి పైన. తోట పక్కన నీటికాలవలో బోర్లా పడుకుని, కాడతో గాలి పీలుస్తూ అడుగు చూడటం నేర్చుకుంది. ఒలుపు పని అయ్యాక రోజూ అదే పని. ఆడవాళ్ళు గట్టు మీద కూర్చుని ఆమె వీపు చూసేవారు.

"ఏటి కనిపిస్తందే కింద?"

కాడ తీసి, "మీ ఇంటి కంచం," అనేది. "పోనేడు పోయిందన్నావు కదా, ఇక్కడుంది." మళ్ళీ తల ముంచేది.

చూడటం తేలికే. చలి సంగతి అలా కాదు. బాగన్ దాతుక్‌లో నీళ్ళెప్పుడూ వెచ్చనే. గుణవతి రేవులో చేపల వ్యాపారి దగ్గరికి వెళ్ళి ఐసు తొట్టిలో కూర్చుంటానంది. ఆయన చేపలకి చోటు తక్కువవుతుందన్నాడు. ఖాళీ అయ్యాకే కూర్చుంటానంది. సరేనన్నాడు. మొదటిరోజు పళ్ళు కటకటలాడి నాలుక కొరుక్కుంది. తర్వాత్తర్వాత చేతులు మొద్దుబారాక కూడా ముడి వేయడం, విప్పడం అలవాటు చేసుకుంది. ఇంటికి వస్తే చేపల కంపు. వెంకమ్మ ముక్కు మూసుకుని అన్నం పెట్టేది.

"నీ మొగుడు పైకొచ్చి నీ కంపుకి మళ్ళీ ములిగిపోతాడు."

"నీ కొడుకే కదా. నీ కంపు ఓర్సుకోలేదేటి?"

అంత లోతుకి పోవడానికి రాయి చాలు. పైకి రావడమే సమస్య. పదేళ్ళు కదలని మనిషి కాళ్ళు ఆడించలేడు. అతన్ని మోసుకుని ఈదే బలం తనకుండదని గుణవతికి తెలుసు. కాయలు ఒలుస్తూ ఒలుస్తూ ఉండగా ఉపాయం తోచింది. ముదిరి ఎండిన కురిడీ కాయలు ఏరింది. మూడు కళ్ళలో మెత్తని కన్ను పొడిచి, లోపల తడి లేకుండా చేసింది. అలాంటివి వలలో వేసి నడుముకి కడితే మనిషి తనంతట తనే తేలుతాడు. పైగా, పైకి వచ్చీ రాగానే అతనికి ఊపిరి కావాలి కదా. ఉత్త గాలికంటే తెలిసినవాళ్ళ ఊపిరి మంచిదని వెంకమ్మ అంది. కాబట్టి తోటలో ఇంటికొకరు వచ్చి ఒక్కో కాయలోకి ఊదారు. ఊదిన వెంటనే గుణవతి రబ్బరు పాలతో కన్ను మూసేసింది. ఆ పాలు పక్క ఎస్టేటు నుంచి జయరామ్ పెళ్ళాం తెచ్చింది.

మునుసామి అందరికంటే చివర వచ్చాడు. ఊది, దగ్గి, మళ్ళీ ఊదాడు.

"నా దాంట్లో సుట్ట కంపు ఉంటాది. అది ఆకరికి ఇయ్యి," అన్నాడు.

కూడా ఎవరు వెళతారన్న మాటే రాలేదు. వెంకమ్మ అప్పటికే మూట కట్టుకుంది.

తోట ఉన్న పెరాక్ దక్షిణాన ఎమర్జెన్సీ ఇంకా పోలేదు. ఊరు దాటేచోట గేటు, గేటు దగ్గర సోదా. అడవిలోని వాళ్ళకి తిండి చేరకూడదని బియ్యపు గింజ కూడా బయటికి పోనిచ్చేవారు కాదు. టిన్ను డబ్బా ఉంటే పొడిచి చూసేవారు. ఆ పొద్దున గేటు దగ్గర మారియప్పన్ అనే కానిస్టేబుల్ ఉన్నాడు. అరవ మనిషి. బస్సు పైనుంచి వల దింపించాడు.

"ఎన్నమ్మా ఇది? ఇన్ని కాయలా? కాయలు తిండి కాదా?"

"కాయలు కావయ్యా. లోపల ఏటీ లేదు."

అతను సూది తీసి ఒక కాయని రబ్బరు బిరడా దగ్గర పొడిచాడు. ఉస్సుమని గాలి వచ్చి అతని మొహానికి తగిలింది. అతను ముక్కు ఎగబీల్చాడు.

"చుట్ట వాసన."

"అది మా మావయ్యది," అంది గుణవతి.

ఇంకోటి పొడిచాడు. అందులోంచి తమలపాకు, వక్క వాసన వచ్చింది. వెంకమ్మ బస్సు మెట్టు మీద నుంచి అరిచింది. "ఒరే నాయినా, అది నాదిరా! నా కొడుక్కోసం ఊదినాను. నీ మొకానికా?"

మారియప్పన్ సూది కిందికి దించాడు. ఊపిరి తిండి కింద వస్తుందా రాదా అని కాసేపు ఆలోచించాడు. బియ్యం, పంచదార, ఉప్పు, ఎండుచేప, మందులు అని అతనికి నేర్పిన వరసలో ఊపిరి లేదు.

"కొడుకు ఎక్కడున్నాడు పాటీ?" అని ముసలమ్మని అడిగాడు.

"నీళ్ళ కింద."

"సరి సరి." అతను టోపీ తీసి, పొడిచిన మొదటి కాయ తీసుకుని చెంపలు ఉబ్బించి ఊదాడు. రెండోదాన్ని వెంకమ్మ లాక్కుని తనే మళ్ళీ ఊదింది. గుణవతి సీసాలోని రబ్బరు పాలతో రెండింటినీ మూసింది. బస్సు కదిలింది.

రైలులో వెంకమ్మ దారి పొడుగునా పడుకుంది. గుణవతి కూర్చుంది. గెమాస్‌లో బండి మారారు. ఆ బండి పొద్దంతా అడవిలోంచి పోయింది. స్టేషన్లలో ఎగురుతున్న జెండాలు కొత్తవి, ఇంకా రంగు వెలవలేదు. తెంబెలింగ్ స్టేషన్‌లో దిగేసరికి జయరామ్ పడవ మాట్లాడి ఉంచాడు. నది ఎండకి బాగా తగ్గిపోయి, రాళ్ళు వచ్చినచోటల్లా దిగి పడవని తోయాల్సి వచ్చింది. వెంకమ్మ మాత్రం దిగలేదు. పడవలో కూర్చుని ఎటు తొయ్యాలో చెప్పింది.

యూసుఫ్ రేవులో ఎదురుచూస్తున్నాడు. నెరిసిన గడ్డం, మోకాళ్ళ దాకా పైజామా. పదేళ్ళ కిందట దొరల పడవ నడిపింది అతనే. పైడిరాజు మునిగినప్పుడు ఒడ్డున ఉన్నదీ అతనే. తోటలో మలాయీ మాట్లాడటం అందరికీ వచ్చు కనక మాటకి ఇబ్బంది లేదు.

"పోయిన వారం ఒకటి వచ్చింది," అన్నాడు. "చిన్నది. గోరంత."

కొండ దగ్గరికి నడిచి వెళ్ళారు. దగ్గరయ్యేకొద్దీ గాలి చల్లబడింది. చెట్లు ఆగిపోయాయి, రాయి మొదలైంది. రెండు గోడలు ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి, తాటిచెట్టు మీద తాటిచెట్టు పెట్టినా పైకి అందవు. ఒక గోడలో గుంట ఉన్నచోట ఎదురుగోడలో ఉబ్బు ఉంది. కొబ్బరికాయ పగలగొట్టిన రెండు చిప్పల్లాగే ఒకదానికొకటి సరిపోతాయి. దొరలు కొట్టిన ఇత్తడి మేకులు పచ్చగా చిలుము పట్టి అలాగే ఉన్నాయి. నడినెత్తి ఎండ ఒక సన్నని పట్టీలా చీలికలోకి దిగి నీటిని తాకుతోంది.

నీళ్ళున్నట్టు మొదట గుణవతికి తెలియలేదు. ఒడ్డు పక్కన మునిగిన రాళ్ళు అంత స్పష్టంగా కనిపించాయి. యూసుఫ్ ఒక ఆకు విసిరాడు. అది గాలిలో ఆగిపోయినట్టు నీటి మీద నిలిచింది.

ఆమె పైడిరాజు ఖాకీ నిక్కరు తొడుక్కుంది. వెంకమ్మ ఆమె కొప్పు గట్టిగా బిగించి, నడుముకి తాడు కట్టింది. కళ్ళద్దాలు పెట్టుకుని, బొప్పాయి కాడ పంటితో పట్టుకుని గుణవతి ముందు ఊరకే బోర్లా తేలి చూసింది.

చలి పుర్రెను పట్టి నొక్కింది. చేపల వ్యాపారి ఐసు దీని ముందు ఎందుకూ పనికిరాదు. ఆమె కాడతో మెల్లగా గాలి పీలుస్తూ ఆ నొప్పి మొద్దుబారేదాకా ఆగింది. అప్పుడు చూసింది. కొండ పగులు కిందికి, ఇంకా కిందికి, నీలం తిరిగి, ఆ నీలంలో ఒక నల్లని వేరు నిలువుగా దిగి ఉంది. దాని మీద ఆమె మొగుడు. వేరు చుట్టూ మడమలు మెలివేసి, చెంప ఆనించి, చెట్టు మీద నిద్రపోతున్న పిల్లాడిలా. జుట్టు నల్లగా ఉంది. వెళ్ళేటప్పుడు వేసుకున్న చొక్కానే ఉంది. అతనికప్పుడు ఇరవై తొమ్మిది. ఇప్పుడూ ఇరవై తొమ్మిదే.

ఆమె తల ఎత్తి, కాడ ఉమ్మేసింది.

"ఉన్నాడా?" అంది వెంకమ్మ.

"ఉన్నాడు."

"సిక్కిపోనాడా?"

"లేదత్తా. నాకంటే బాగున్నాడు."

యూసుఫ్ ఏరి పెట్టిన రాయి కొబ్బరిగుట్టలో పెద్దకాయకి రెండింతలుంది. దానికి కట్టిన తాడు కొసని గుణవతి తన మణికట్టుకి ముడి వేసుకుంది. కాయల వల చంకలో పట్టుకుంది. నడుముకి ఉన్న తాడు అంత లోతుకి చాలదని యూసుఫ్ చెప్పగానే దాన్ని విప్పి ఒడ్డున పడేసింది.

"ఒలే, తాడు లేకుండానా?" అంది వెంకమ్మ.

"సాలదంట కదత్తా."

"నువ్వు కూడా కింద కూకుంటే నాను ఇద్దరి కోసం సూడలేను. ముందే సెప్తన్నాను."

గుణవతి నవ్వి, గుండెల నిండా గాలి తీసుకుని, రాయిని గట్టు మీంచి తోసేసింది.

రాయి ఆమెని లాక్కుపోయింది. చెవుల్లో మేకులు దిగినట్టుంది. గోడలు పైకి పరుగెత్తాయి. వేరు వచ్చింది, అతని భుజం, నడుము, మోకాళ్ళు దాటాయి. కాలు చాచి వేరుని తన్నిపెట్టి ఆగింది. వల తాడుని అతని నడుము చుట్టూ తిప్పి ముడి వేసింది. ఆ ముడి ఐసు తొట్టిలో ఎన్నోసార్లు వేసిందే. తర్వాత అతని కింద నిలబడి, మెలిపడ్డ మడమలను ఒక్కొక్కటే ఊడదీసి తన భుజాల మీద పెట్టుకుంది.

అతని ఒళ్ళంతా ఒకసారి వణికింది. భుజాల మీద బరువు ఆనింది. పైన చేతులు వదులయ్యాయి.

కాయలు వెంటనే పని మొదలుపెట్టాయి. అతని మడమలు ఆమె భుజాలను వదిలి పైకి లేచాయి. ఆమె తలెత్తి చూసింది, అతను పైకి పోతున్నాడు, వల ముందు, అతను వెనక. ఇక తను పోవాలి. మణికట్టు దగ్గర తాడు ముడి పట్టుకుంది. వేళ్ళు వేళ్ళలా లేవు. నీటికి తాడు ఉబ్బి ముడి బిగుసుకుపోయింది. రాయి ఆమెని మెత్తగా, తొందరలేకుండా కిందికి తీసుకుపోతోంది. పంటితో లాగింది. ఇంకోసారి లాగింది. నీలం నల్లబడింది.

ఆ తర్వాత జరిగింది వెంకమ్మ చెప్పగా ఆమెకి తెలిసింది.

"ఆడు తేలినాడు," అంది వెంకమ్మ. "నాను జుట్టు పట్టుకున్నాను. ఎల్లిన రోజు ఎలాగున్నాడో అలాగే ఉన్నాడు, ఒక్క ఎంట్రుక మారలేదు. కళ్ళు తెరిసినాడు. బుగ్గలు ఉబ్బించి ఉన్నాడు, సిన్నప్పటిలాగే. ఈపు సరవబోయినాను. నా సెయ్యి తోసీసినాడు. ఇటు సూసినాడు, అటు సూసినాడు. యూసుఫ్ నీట్లోకి సెయ్యి సూపించినాడు. ఆడు నడుముకున్న తాడు కోసీమని సైగ సేసినాడు. యూసుఫ్ కోసినాడు. ఆ కత్తి లాక్కొని ములిగిపోనాడు మళ్ళీ. గాలి తీసుకోలేదే! ఆ పాత ఊపిరితోనే ములిగిపోనాడు. నానిక్కడ కూకుండిపోనాను. ఇంకో పదేళ్ళు బతకాలా దేవుడా అనుకున్నాను."

పదేళ్ళు పట్టలేదు. పైడిరాజు ఆమెని భుజాన వేసుకుని పైకి వచ్చాడు. మణికట్టుకి తెగిన తాడు వేలాడుతోంది. గట్టు మీద పడుకోబెట్టారు. పెదాలు నీలం, రొమ్ము కదలడం లేదు. యూసుఫ్ బోర్లా తిప్పి నీళ్ళు కక్కించాడు. అయినా ఊపిరి రాలేదు. వెంకమ్మ కాయల వల అందుకుంది, కాయ పగలగొట్టడానికి రాయి వెతుకుతోంది. ఈలోపు పైడిరాజు వంగి, ఆమె నోటికి నోరు ఆనించి, పదేళ్ళుగా దాచుకున్నదంతా ఆమెలోకి వదిలాడు.

"ఎంతసేపు ఒదిలినాడో తెలీదు," అంది వెంకమ్మ. "అవదే! ఆడి రొమ్ము దిగిపోతానే ఉంది, నీ రొమ్ము లేస్తానే ఉంది. ఎదరగోడ మీద సెట్లు ఊగినాయి. ఆకరికి ఆడు పక్కకి పడి, దగ్గి, గాలి పీల్సినాడు. అప్పుడు సూసినాను. నా కళ్ళెదటే సెవుల కాడ జుట్టు నెరిసింది. మొకం మీద గీతలు పడినాయి. పదేళ్ళూ ఒక్కసారే వచ్చీసినాయి ఆడికి."

వెంకమ్మ చెబుతున్నంతసేపూ గుణవతి గట్టు మీద వెల్లకిలా పడుకునే వింది. తలపైన రెండు గోడల మధ్య ఆకాశం సన్నగా ఉంది. దాన్ని అడ్డుకుంటూ ఒక మొహం కనిపించింది. నుదుటి మీద ముడతలు, చెంపల మీద బిరుసు గడ్డం. ముప్పై తొమ్మిదేళ్ళ మొగుడు. కళ్ళు మాత్రం తను ఎరిగినవే.

"మావయ్య రాలేదేటి?" అన్నాడు పైడిరాజు. గొంతు బొంగురుగా ఉంది. "దింపడానికి మావయ్య వస్తాడనుకున్నాను."

ఆమె జవాబు చెప్పాలంటే ఊపిరి వదలాలి. లోపల రొమ్ము నిండా అతనిదే ఉంది, చల్లగా, బరువుగా. ఎమర్జెన్సీ రాకముందటిది. అందులో తోటలో ఒలిచిన పచ్చిపీచు వాసన ఉంది, ఆ పొద్దున అతను తిని వెళ్ళిన చద్దన్నం వాసన ఉంది. ఆమె రెండు చేతులూ రొమ్ము మీద పెట్టుకుని, పెదాలు గట్టిగా బిగించింది.

వెంకమ్మ హడలిపోయింది. "ఓలమ్మో, ఇదీ బిగపట్టీసింది! ఒరే పైడీ, ఈపు సరవరా!"

పైడిరాజు వీపు చరవలేదు. ఆమె పక్కన గట్టు మీద కూర్చుని, నీళ్ళోడుతున్న ఆమె జుట్టు మొహం మీంచి తప్పించాడు.

"ఒదిలీయే," అన్నాడు. "ఇంకోటి వస్తాది."

గుణవతి వదిలింది. ఇంకోటి వచ్చింది.